రోహిణి ఎండలో మంచు కోటు

పల్నాట్లో మంచుకొండల మీద వేసుకునే బట్టలు కొన్న ఇల్లు ఏదన్నా ఉందంటే అది మాదే. ఎన్నుకున్నది మా అత్త, మోసుకొచ్చింది నేను. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. వాళ్ళు నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. నవ్వడానికి ఏమన్నా ఉంటే ఆ రోజు ఆ కొట్లోనే మేము నవ్వేశాం. ఆ తర్వాత జరిగినదానిలో నవ్వే ముక్క ఒక్కటీ లేదు.

నా మేనత్తే నాకు అత్త. ఆమె చిన్నకొడుకు నా మొగుడు, మా బావ. పెద్దకొడుకును అంతకు ముందు ఏడు ఏరువాక నాడు మా దాయాదుల పెద్దకొడుకు బరిసెతో పొడిచి చంపాడు. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా చంపాడు. చెరువు వెనక ఉన్న నల్లరేగడి చెక్క కోసం ఆ గొడవ. అది మాదని మేము, తమదని వాళ్ళు. తాతలనాడు పంచుకున్నప్పుడు గట్టు ఎక్కడ పడాలో ఎవరూ తేల్చలేదు. మా ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉండేది. తగాదాలో ఉన్న పొలంలో ఏరువాక రోజు ఎవరు తొలిచాలు గట్టుదాకా పోస్తే ఆ ఏడాది పంట వాళ్ళది. కోర్టుకు పోయినవాణ్ణి చేతగానివాడి కింద జమకట్టేవాళ్ళు. పెద్దబావ అరక కట్టి చాలు పోస్తూ సగంలో ఉండగా బరిసె వీపులో దిగి రొమ్ములోంచి బయటికి వచ్చింది. ఎడ్లకేం తెలుసు, అవి నాగలిని ఈడ్చుకుంటూ గట్టుదాకా పోయి నిలబడ్డాయి.

పొడిచినవాడు రాజమండ్రి జైలుకు పోయాడు. ఇక ఆ ఇంట్లో మిగిలింది చిన్నవాడు, నాకు మరిది వరస. మా ఇంట్లో మిగిలింది నా మొగుడు. చిన్నప్పుడు వాళ్ళిద్దరూ ఒకే బర్రె వీపెక్కి చెరువంతా తిరిగినవాళ్ళు. మా పెళ్ళిలో బావ పక్కన తోడుపెళ్ళికొడుకుగా కూచున్నది ఆ మరిదే. అన్న మెతక, వదిన గయ్యాళి, ఈడూ జోడూ బాగా కుదిరిందని నన్ను అందరి ముందూ ఆటపట్టించేవాడు. నేను దొరికింది దొరికినట్టు విసిరేదాన్ని, అతను దొరక్కుండా పరుగెత్తేవాడు. పెద్దబావ పోయాక రెండిళ్ళకీ మాటల్లేవు. ఎదురుపడితే ఉమ్మేసి పక్కకు తప్పుకునేవాళ్ళం.

పెద్దకొడుకును కాల్చి వచ్చిన రోజు నుంచి మా అత్త తలకు నూనె పెట్టలేదు. ఈ ఏడు ఏరువాకకు చిన్నకొడుకు ఆ చెక్కలో తొలిచాలు పోసి తీరాలని పట్టు పట్టింది. ఆమె పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు. ఆ చెక్క పోతే పోయింది, మిగతా భూమి చాలదా అని బావ ఒకసారి అన్నం తింటూ అన్నాడు. ఆమె అతని ముందున్న కంచం లాగి గోడకేసి కొట్టింది. నేను ఊరుకునేదాన్ని కాదు. ఏరువాక వెళ్ళేదాకా మా పుట్టింటికి పోయి ఉంటామన్నాను. చెంప ఛెళ్ళుమంది. మేనత్త దెబ్బ నాకు కొత్త కాదు, నేనూ తిరిగి నోటికొచ్చినట్టు తిట్టాను. మా ఇళ్ళల్లో పిల్లల్ని కొట్టేవాళ్ళు, ఎడ్లను కొట్టేవాళ్ళు, పెళ్ళాన్ని కొట్టేవాళ్ళు, ఎవరూ దొరక్కపోతే తలుపును కొట్టేవాళ్ళు. అది మామూలు బతుకే అనుకున్నాం.

అయితే ఆమె మూర్ఖురాలే గానీ కడుపు తీపి లేనిది కాదు. కొడుకు చాలు పొయ్యాలి, మళ్ళీ ప్రాణాలతో ఇంటికి రావాలి. రెండూ కావాలి ఆమెకు. ఆ రెండూ ఒక్కచోట దొరికే దారి ఆమెకు పటాలం నుంచి తిరిగొచ్చిన ఒకతను చూపించాడు. యుద్ధం అయిపోయింది, మిలట్రీవాళ్ళు మిగిలిన సామాను అమ్మేస్తున్నారు, నరసరావుపేటలో ఒక సాయిబు తెచ్చి గుట్టలు పోశాడు, అందులో మంచుకొండల్లో తిరిగే సిపాయిల కోట్లు ఉన్నాయి, వాటి మీద దుడ్డుకర్రతో బాదినా దెబ్బ తగలదు అని చెప్పాడట. అత్త ఆ మాట పట్టుకుంది. మర్నాడే బయల్దేరాం.

అవి బొగ్గు బస్సు రోజులు. వెనక పొయ్యి రాజేసి గాలిపంకా గిరగిరా తిప్పితే గానీ కదిలేది కాదు. ఎత్తు వస్తే మగవాళ్ళు దిగి నెట్టేవాళ్ళు. ఎక్కేచోట సీటు కోసం ఇద్దరు జుట్లు పట్టుకుని నేల మీద పొర్లారు, ఒకతని చెవి తెగింది. ఆ చెవికి గుడ్డ చుట్టుకునే అతను మా పక్కన కూచుని పేటదాకా వచ్చాడు. బావ అతన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. నా మొగుడికి రక్తం చూస్తే కళ్ళు తిరిగేవి. ఆ మనిషిని కొట్లాటకు తయారు చెయ్యడానికి మేము బట్టలు కొనబోతున్నాం.

సాయిబు కొట్టు పత్తి మిల్లుల దారిలో ఉంది. యుద్ధానికి ముందు ఆయన గొడుగులు బాగుచేసేవాడట. ఇప్పుడు గుడారాలు, బూట్లు, నీళ్ళ సీసాలు, టోపీలు వీధిలోకి పొర్లిపోతున్నాయి. చూస్తే నాకు కడుపు మండింది. కంట్రోలు కాలం అది. రవికె గుడ్డ కావాలంటే చౌకదుకాణం ముందు పొద్దంతా నిలబడి, పక్కదాన్ని మోచేత్తో పొడిచి, అది మన జుట్టు పీకితే దాని జుట్టు మనం పీకి తెచ్చుకోవాలి. చచ్చినవాళ్ళ మీద కప్పడానికి కొత్తబట్ట దొరక్క పాత పంచెలు ఉతికి కప్పుతున్నారు. ఇక్కడేమో ఎవరూ కట్టుకోని బట్ట ఇంటి కప్పుదాకా ఉంది.

మా అత్త ఏం కావాలో దాపరికం లేకుండా చెప్పింది. కత్తి దిగకూడదు, కర్ర తగలకూడదు. సాయిబు ఆమె మొహం, విరబోసిన జుట్టు చూసి వేళాకోళం అనుకోలేదు. ముందు చేతుల్లేని తోలుచొక్కా తీశాడు. అత్త దాన్ని పిడికిలితో గుద్ది చూసింది. గట్టిగానే ఉంది గానీ మెడా చేతులూ బయటే ఉన్నాయి. వాడు రొమ్ము మీదే కొడతానని నాకేమన్నా రాసిచ్చాడా అంది. తర్వాత మోకాళ్ళు దాటే ఖాకీ ఉన్నికోటు వచ్చింది. సాయిబు ధర చెప్పేలోపే ఆమె బొడ్లోంచి కత్తి తీసి దాని అంచులో దింపింది. వెన్నలో దిగినట్టు దిగింది. కోటు ఖరాబయిందని ఆయన నెత్తి కొట్టుకున్నాడు. చినిగిపోయే కోటు అమ్మడానికి నీకు సిగ్గులేదా అని ఆమె ఎదురు తగులుకుంది. నేను ఇద్దరి మధ్యా నిలబడాల్సి వచ్చింది.

అప్పుడు ఆయన లోపల్నుంచి తెల్ల కోటు మోసుకొచ్చాడు. తల మీదికి ముసుగుటోపీ దానికే కుట్టి ఉంది. పైన గుడారపు గుడ్డ, దళసరిది, సందు లేకుండా నేసింది. లోపల ఉన్ని. రెంటికీ మధ్య బూరుగుదూదిలాంటిదేదో కూరి, గళ్ళు గళ్ళుగా కుట్టారు. మెడ దగ్గర తాళ్ళు, నడుముకు తాళ్ళు, మణికట్టు దగ్గర తాళ్ళు. దానికి జతగా లాగూ. నల్లద్దాల కళ్ళజోడు ఒకటి, ఎలుగుబంటి చేతుల్లాంటి చేతి తొడుగులు. ఇవన్నీ వేసుకుని ఏం చేస్తారని అడిగితే, కాళ్ళకు పొడుగాటి చెక్కలు కట్టుకుని కొండమీంచి మంచులో కిందికి జారతారని చెప్పాడు.

“ఎందుకు జారాల? దిగే దోవ లేదా?” అంది అత్త.

కాళ్ళు మంచులో దిగబడతాయట, అందుకని. ఆమెకు అది నచ్చలేదు. వాన పడితే మా రేగడిలో మోకాలిదాకా దిగబడతాం, మేము చెక్కలు కట్టుకుని జారుతున్నామా అంది. ఆయన ఓపిగ్గా ఇంకోటి చెప్పాడు. మంచు తెల్లగా ఉంటుంది కాబట్టి ఈ తెలుపులో మనిషి శత్రువుకు కనపడడు. శత్రువుకు కనపడడన్న ముక్క వినగానే అత్త కళ్ళు మెరిశాయి. మన రేగడి నల్లగా ఉంటుంది కదా, పొలిమేర అవతల నుంచి కూడా కనపడతాడని నేనన్నాను. నా నోరు ముయ్యమంది.

లాగూ కాలు మీద కత్తి పెట్టి బలమంతా పెట్టి పొడిచింది. పైగుడ్డ తెగింది గానీ మొన దూదిలో ఆగిపోయింది. మళ్ళీ పొడిచింది, మళ్ళీ ఆగింది. ఏడాదిలో మొదటిసారి ఆమె మొహంలో సంతోషం చూశాను. బావను పిలిచి కోటు తొడిగించింది. అది మన వాళ్ళ కొలతకు కుట్టింది కాదు, చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. ముసుగుటోపీలోంచి నా మొగుడి మొహం పొదిగే కోడి మొహంలా బయటికి వచ్చింది. సాయిబు నల్లద్దాలు కూడా పెట్టాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను, బావ నవ్వాడు, సాయిబు నవ్వాడు, ఆఖరికి అత్త కూడా నవ్వింది. నవ్వుతూనే ఆమె మూలనున్న గుడారపు కర్ర తీసి కొడుకు వీపు మీద వేసింది.

తగల్లేదమ్మా అన్నాడు బావ, ఇంకా నవ్వుతూ. ఆమె మళ్ళీ వేసింది. భుజం మీద, నడుం మీద, మళ్ళీ వీపు మీద. ఆమె నవ్వు ఎక్కడో పోయింది. పళ్ళు బిగపట్టి, ఎవర్నో కొడుతున్నట్టు కొట్టింది. బావ తూలి గుడారాల గుట్ట మీద పడ్డా ఆపలేదు. నేనూ సాయిబూ చెరో చెయ్యి పట్టుకుని లాగితే గానీ కర్ర వదల్లేదు. బావ లేచి కోటు విప్పాడు. ఒంటి మీద కమిలిన మచ్చ ఒక్కటీ లేదు. కానీ చొక్కా పిండితే నీళ్ళు కారేట్టు తడిసిపోయింది.

అది సాయిబు చూశాడు. చేతి తొడుగులు వద్దని, కర్ర పట్టు దొరకదని అత్త వాటిని పక్కకు తోసేస్తుంటే ఆయన ఒక మాట అన్నాడు.

“అమ్మా, ఇది ఒంట్లో వేడిని బయటికి పోనీయని బట్ట. మన ఎండకి మనిషి లోపలే ఉడికిపోతాడు. ఒద్దమ్మా, ఖాకీదే తీసుకో.”

“ఎండకి పల్నాటోడు చచ్చాడని ఎక్కడన్నా విన్నావా సాయిబూ?” అంది అత్త. “ఎండ మాకు చుట్టం. మావోడికి రెండు చాళ్ళ పని, అంతే.”

ఆ మాటకు నేను కూడా తలాడించాను. ఎందుకు ఆడించనూ? రోహిణిలో రోళ్ళు పగిలే ఊళ్ళో పుట్టినవాళ్ళం. బండలు కాలుతుంటే వట్టి కాళ్ళతో నడిచినవాళ్ళం. ఎండకు భయపడేవాడు మా లెక్కలో మగవాడే కాదు. మేము భయపడింది మరిది చేతి గొడ్డలికి. ఎండ మా ఊహలోనే లేదు. ధర దగ్గర మాత్రం అత్త బేరం ఆడలేదు. కోటూ లాగూ మూట కట్టి నా నెత్తిన పెట్టింది.

ఆ కోటు ఇంటికి వచ్చాక నా మొగుడు నాకు కాకుండా పోయాడు. రక్తం చూస్తే కళ్ళు తిరిగే మనిషి, సాయంత్రాలు అది వేసుకుని వీధిలో తిరగడం మొదలుపెట్టాడు. కుక్కలు వెంటపడితే కర్రతో నడుములు విరగ్గొట్టేవాడు. కల్లుపాక దగ్గర ఎవడో మంచుదేవుడొచ్చాడని అన్నందుకు వాడి ముందు పళ్ళు రాలగొట్టి వచ్చాడు. వాడు తిరిగి ఎన్ని దెబ్బలు వేసినా తగల్లేదని నాకు పొంగిపోతూ చెప్పాడు. నేను ఆ కోటును పొయ్యిలో పెడతానన్నాను. బావ మొట్టమొదటిసారి నా మీద చెయ్యి చేసుకున్నాడు. ఆ దెబ్బకంటే, కొట్టాక అతని మొహంలో సిగ్గు లేకపోవడం నన్ను ఎక్కువ బాధించింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మా అత్త మొహం మీదే అరిచాను. ఆమె వినిపించుకోలేదు. కొడుకు మగాడయ్యాడని మురిసిపోతోంది.

ఏరువాక దగ్గరపడింది. ఒకరోజు నేను బావి దగ్గర నీళ్ళు తోడుతుంటే మరిది వచ్చి నిలబడ్డాడు. ఏడాది తర్వాత అతను నా ముందు నిలబడడం అదే. బాగా చిక్కిపోయాడు. నేను చేద పైకెత్తాను, నెత్తిన కొడదామనే. అతను కదల్లేదు.

“అన్నని రావద్దని చెప్పొదినా,” అన్నాడు. “మాయమ్మ అన్నం మానేసి కూచుంది. నేను రాక తప్పదు. ఎదురుగా వస్తే ఏం జరుగుద్దో నాకే తెలియదు.”

నువ్వే మానుకోరాదా అన్నాను. పెద్దకొడుకు జైల్లో ఉన్న తల్లికి తాను ఏమని చెప్పాలని అడిగాడు. పెద్దకొడుకు కాటికి పోయిన తల్లికి మేమేం చెప్పాలని నేనడిగాను. అడకత్తెరలో పోకచెక్కలు మేమిద్దరమే కాదు, బావా ఇద్దరు తల్లులూ కూడా అందులోనే ఉన్నారు. అతను పోతూ పోతూ బిందె ఎత్తి నా చంకన పెట్టాడు. ఆ నీళ్ళు ఇంటికి తీసుకెళ్ళాలో పారబొయ్యాలో నాకు తెలియలేదు. తీసుకెళ్ళాను.

ఆ ఏడు ఏరువాక రోహిణి కార్తెలోనే పడింది. ఒక్క చినుకు లేదు. రేగడి నేల చెయ్యి దూరేంత బీటలు వారి ఉంది. పొద్దున్నే అత్త కొడుక్కి తలంటు పోసి, లాగూ తొడిగి, కోటు తొడిగింది. మెడ దగ్గరా నడుం దగ్గరా మణికట్ల దగ్గరా తాళ్ళు లాగి పీటముళ్ళు వేసింది. కొట్లాటలో ఊడిపోకుండా ముడుల మీద నీళ్ళు చల్లి, పళ్ళతో పట్టి బిగించింది. బొట్టు పెట్టి, ముసుగుటోపీ తల మీదికి లాగింది. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. బావ నన్ను పక్కకు నెట్టేసి వెళ్ళాడు.

చెక్కకు దూరంగా తుమ్మచెట్టు కింద అత్తా నేనూ నిలబడ్డాం. మా వైపువాళ్ళు మా వెనక, వాళ్ళ వైపువాళ్ళు చెరువుకట్ట మీద. అందరి చేతుల్లోనూ కర్రలున్నాయి. ఆ నల్లని నేల మీద తెల్లగా నా మొగుడు, నేను కొట్లో అన్నట్టే, ఎక్కడ నిలబడ్డా కనపడుతున్నాడు. మొదటి తిప్పలు ఎడ్లతో వచ్చాయి. రోజూ మేత వేసే మనిషి ఈ వేషంలో వచ్చేసరికి అవి బెదిరి కాడి కిందికి రాలేదు. ముల్లుగర్రతో పొడిచాడు. తొడల మీంచి రక్తం కారేదాకా పొడిచి కట్టాడు. నాగలి దిగలేదు. ఆ నేల రాయి అయి ఉంది. మేడి మీద ఒళ్ళంతా వేసి తొక్కితే గీత పడింది గానీ చాలు పడలేదు. రెండు చాళ్ళ పని అని కొట్లో అన్నది పొద్దు నడినెత్తికి వచ్చినా ఒక్క చాలుకు రాలేదు.

మరిది అవతలి గట్టు మీద గొడ్డలి భుజాన వేసుకుని నిలబడ్డాడు. నడుముకు నీళ్ళ సొరకాయబుర్ర వేలాడుతోంది. అతను ముందుకు రాలేదు. నాగలి గట్టు చేరితే అడ్డం పడాలి, అంతదాకా ఆగాలి. అది కూడా ఒక పద్ధతే. బావ ఎడ్లను తిట్టడం మాకు వినపడుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆ తిట్లు ముద్దముద్దగా మారాయి. మేడి వదిలేశాడు. పక్కకు రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వేసి, మెడ దగ్గర ముడిని రెండు చేతులతో పీక్కున్నాడు. తర్వాత మొహం మీద పడ్డాడు.

మరిది కాసేపు నిలబడి చూశాడు. తర్వాత పరుగెత్తుకొచ్చి గొడ్డలి మా వైపు నేల మీదికి విసిరేశాడు. బావను వెల్లకిలా తిప్పాడు. ముడితో పెనుగులాడాడు, రాలేదు. మోకాళ్ళు అటొకటి ఇటొకటి వేసి మీద కూచుని, నడుంలోంచి కత్తి తీశాడు. మాకు కనపడింది ఆ కత్తే. తెల్లగా పడున్న మనిషి, మీద ఇతను, ఎండలో కత్తి కిందికీ పైకీ.

మా అత్త ఎప్పుడు పరుగెత్తిందో నాకు తెలియదు. ఆ వయసులో, బెడ్డల మీద, జుట్టు ఎగురుతుంటే, అరుపన్నది లేకుండా పోయింది. నేను వెనక పడ్డాను. అతను విసిరిన గొడ్డలే ఆమెకు దోవలో దొరికింది. అతను తలెత్తలేదు, చేతి పని మీదే ఉన్నాడు. గొడ్డలి తల వెనక దిగింది. ఎండుకట్టె చీలిన చప్పుడు వచ్చింది. అతను బావ మీదికి వాలిపోయి, పక్కకు దొర్లాడు. ఆమె మళ్ళీ ఎత్తింది. నేను గొడ్డలి కామ పట్టుకుని వేలాడితే ఇద్దరం కింద పడ్డాం.

అతనికి ఇంకా తెలివి ఉంది. కళ్ళు రక్తంలో మునిగిపోతుంటే నన్ను వెతికాడు. చెయ్యి సొరకాయబుర్ర వైపు చాపాడు.

“ముందు అన్నకి నీళ్ళు పొయ్యొదినా,” అన్నాడు.

అప్పుడు చూశాను. కోటు మెడ నుంచి కిందిదాకా, ముడులన్నీ తెగి, నిలువునా చీలి తెరుచుకుని ఉంది. లోపల నా మొగుడి రొమ్ము మీద ఒక్క గీత లేదు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. పెదవులు, గడ్డం తడిగా ఉన్నాయి. అతను అప్పటికే కొంచెం నీళ్ళు పోశాడన్నమాట. నేను బుర్ర అందుకుని బావ తల మీదా రొమ్ము మీదా మిగిలింది పోశాను. చుట్టూ రెండు వైపుల జనం వచ్చి పడి కర్రలతో కుమ్ముకుంటున్నారు. ఒక దెబ్బ నా భుజం మీద పడింది, ఎవరిదో చూడలేదు. ఎడ్లు మాత్రం నాగలి ఈడ్చుకుంటూ గట్టెక్కి నిలబడ్డాయి.

సాయంత్రానికి బావ కళ్ళు తెరిచాడు. మరిది మాత్రం బండి గురజాల ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

మా వైపు పెద్దలు మా ఇంట్లో కూచుని కథ కట్టారు. వాడు కొడుకును పొడుస్తుంటే తల్లి అడ్డం వచ్చింది, అంతే. చూసినవాళ్ళందరికీ కత్తి కనపడింది గదా, అబద్ధం ఏముంది అన్నారు. నన్ను నోరు విప్పొద్దన్నారు. నేను లేచి నా నోరు నా ఇష్టం అన్నాను. పెద్దాయన ఒకాయన నా మీదికి చెప్పు ఎత్తాడు. అత్త మాత్రం ఆ మాటల్లో లేదు. నడవలో కోటు పరిచి కూచుంది. పైన తెల్లగుడ్డ మీద రక్తం అట్టలు కట్టి ఉంది. ఆమె దాన్ని తిరగేసింది. లోపలి ఉన్ని మీద అరచెయ్యి పెట్టి, మెడ నుంచి అంచుదాకా నిమిరింది. రెండోవైపు నిమిరింది. చంకల్లోకి చెయ్యి పెట్టి చూసింది. ఎక్కడా ఏమీ లేదు. కోసిన గీత ముడుల వెంబడే పోయింది, తాను పళ్ళతో బిగించిన ముడుల వెంబడే.

“ఏమే, వాడు నీతో ఏందో అన్నాడు. ఏమన్నాడు?” అని అడిగింది.

చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. లేచి, ఏడాదిగా విరబోసిన జుట్టు ముడి వేసుకుంది. కోటు చేతిమీద వేసుకుని వీధిలోకి నడిచింది. పెద్దలు ఆపబోతే మోచేత్తో తోసేసింది. నేను వెంట నడిచాను. శవాన్ని అప్పుడే బండిలో తెచ్చి వాళ్ళ అరుగు మీద పడుకోబెట్టారు. కొత్తబట్ట దొరక్క పాత పంచె కప్పారు. తల దగ్గర తల్లి, మా అత్తకు తోడికోడలు, నాకు చిన్నత్త, కూచుని ఉంది. మమ్మల్ని చూసి మగవాళ్ళు కర్రలు అందుకున్నారు. అత్త ఎవర్నీ చూడలేదు. కోటు తిరగేసి, లోపలివైపు పైకి వచ్చేట్టు ఆమె ముందు పరిచింది.

“చెయ్యి పెట్టి చూడు,” అంది. “నీ కొడుకు నా కొడుకుని పొడవలేదు. నేనే నీ కొడుకుని చంపుకున్నా.”

ఆమె చెయ్యి పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత లేచి మా అత్తను కొట్టింది. చేతులతో, మోకాళ్ళతో, అక్కడున్న చీపురుతో, అది విరిగితే మళ్ళీ చేతులతో కొట్టింది. మగవాళ్ళు కర్రలు దించి నిలబడిపోయారు. అత్త చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. నేను మధ్యలోకి పోబోతే కళ్ళతోనే వద్దంది. చివరికి ఆ తల్లి అలిసి అత్త మీదే కూలబడింది. ఇద్దరూ ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని ఏడ్చారు. అత్త కోటు తిరిగి తీసుకోబోతే చిన్నత్త దాన్ని తన వైపు లాక్కుంది. ఇది నా కొడుకుది, ఇక్కడే ఉంటది అంది.

అత్త అక్కణ్నుంచే పోలీసు జమాదారు దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రాయవెల్లూరు ఆడజైలుకు పంపారు. ఆమె మళ్ళీ ఇంటికి రాలేదు, అక్కడే జ్వరంతో పోయింది. నాకు ఆమె మీద కోపం ఉంది, ఇప్పటికీ ఉంది. ఆమెను తలుచుకుంటే ఏడుపు కూడా వస్తుంది.

చిన్నత్త ఆ కోటును ఉతకలేదు. తిరగేసి, రక్తం లేని లోపలివైపు కనపడేట్టు, వీధి గుమ్మం పక్కన గోడకు చిలక్కొయ్యకు తగిలించింది. దారిన పోయేవాళ్ళు అదేమిటని అడిగితే లేచి వచ్చి చూపించేది. ఎక్కడన్నా చుక్క ఉందేమో మీరే చూసుకోండి, నా కొడుకు పొడవలేదు అనేది. ఊళ్ళో ఆమె మాట ఎవరూ కాదనలేదు, అయినా చూపిస్తూనే ఉండేది.

ఆ చెక్క బీడుపడి తుమ్మలు మొలిచాయి. మా బావ తర్వాత ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు, ఎడ్ల మీద కూడా. ప్రతి ఏరువాక నాడు మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉండగా ఒక్కడే చిన్నత్త అరుగు దగ్గరికి పోయేవాడు. ఆమె ఆ కోటు కిందే కూచోబెట్టి సొరకాయబుర్రతో నీళ్ళు తెచ్చి ఇచ్చేది. అతను బుర్ర దించకుండా తాగేవాడు. ఆమె అయిపోయేదాకా పక్కనే నిలబడి, ఇంకా కావాలా అని అడిగి, లోపలికి పోయేది.